పూజావేతనం: గురువు చేతికి అందిన ధనం చరిత్ర



'విద్యాదానం' అన్న మాటను మనం భక్తితో పలుకుతాం. 'విద్యావిక్రయం' అన్న మాటను నిందగా పలుకుతాం. ఈ రెండు మాటల నడుమ ప్రతి ఊరిలోనూ ఒక మనిషి నలుగుతున్నాడు. ఆయన ట్యూషన్ మాస్టారు. బడి విడిచాక వసారాలో చాప పరచి, పాతిక మంది పిల్లలకు లెక్కలో ఇంగ్లీషో బోధించి, నెల తిరిగేసరికి ఫీజు అడగలేక మొహమాటపడేవాడు. అడిగితే గురుత్వానికి లోపమని భయం. అడగకపోతే ఇంట్లో బియ్యపు డబ్బా ఖాళీ.

అనకాపల్లి జిల్లా రాంబిల్లి వంటి తీరప్రాంత మండలంలో ఈ సంకటం మరికొంత జటిలమైనది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలతో చేపలవేట నిషిద్ధం. ఆ రెండు నెలలూ వేట మీద బ్రతికే ఇంటికి రాబడి దాదాపు ఆగిపోతుంది. సేద్యం చేసే ఇంటికి పంట అమ్మిన నాడే చేతిలో పైకం. నెలజీతం ఉద్యోగి ఇంటి లయ; సముద్రానికీ పొలానికీ ఆ లయ లేదు. అయినా ట్యూషన్ ఫీజు మాత్రం నెలకొకసారి అనే లెక్కకే కట్టుబడి ఉంది. ఈ నెలవారీ లెక్క మన సంప్రదాయంలోకి ఎలా ప్రవేశించింది? దానికి ముందు గురువు ఏ విధంగా జీవించాడు? ధనం స్వీకరించడం అధర్మమని శాస్త్రం నిజంగా చెప్పిందా? జిజ్ఞాసువులు నెమ్మదిగా పరిశీలించవలసిన విషయమిది. ఈ విషయంలో మనకు శాస్త్రం కంటే శాస్త్రం పేరిట ప్రచారంలో ఉన్న అభిప్రాయాలే ఎక్కువగా తెలుసు.

బృహదారణ్యకోపనిషత్తు చతుర్థాధ్యాయంలో జనకుడు తాను ఇతర ఆచార్యుల వద్ద విన్న బ్రహ్మవిషయాలను ఒక్కొక్కటిగా యాజ్ఞవల్క్యునికి నివేదిస్తాడు. ఋషి ప్రతి ఉపదేశంలోని కొరతను పూరిస్తాడు. ఆనందపరవశుడైన రాజు ప్రతి ఘట్టం చివరా సహస్ర గోవులను ఇస్తానంటాడు. ప్రతిసారీ సమాధానం ఒకటే: శిష్యునికి సంపూర్ణంగా ఉపదేశించకుండా అతని నుంచి ధనం గ్రహించరాదని తన తండ్రి అభిప్రాయమట. ఋషి ధనమే వద్దనలేదన్నది గమనార్హం. అదే ఉపనిషత్తు మూడవ అధ్యాయంలో, వాదం మొదలు కాకమునుపే, సభలో నిలిపిన గోవులను ఇంటికి తోలుకుపొమ్మని శిష్యుణ్ణి ఆజ్ఞాపించినవాడూ ఈ యాజ్ఞవల్క్యుడే! అక్కడ అది బ్రహ్మిష్ఠునికి ప్రకటించిన బహుమానం. ఇక్కడ శిష్యుని నుంచి గురువుకు రావలసిన దక్షిణ. రెండవదానికి ఆయన ఒక క్రమాన్ని పాటించాడు: బోధ ముందు, ధనం తరువాత.

మనుస్మృతి ద్వితీయాధ్యాయం ఈ క్రమాన్నే విధిగా చెప్పింది. సమావర్తనానికి పూర్వం శిష్యుడు గురువుకు ఏమీ ఇవ్వనక్కరలేదు. విద్య ముగిసిన పిమ్మట యథాశక్తి పొలం, బంగారం, గోవు, గుర్రం, గొడుగు, పాదరక్షలు, ధాన్యం, వస్త్రం, అవేవీ లేకుంటే కూరగాయలైనా సమర్పించవచ్చు. పొలంతో మొదలైన పట్టికలో కూరగాయకు కూడా స్థానం దొరకడం సామాన్య విషయం కాదు. ఇచ్చేవాని శక్తే ఇక్కడ కొలమానం. సొరకాయ తెచ్చిన శిష్యుడు గుర్రం తెచ్చిన శిష్యునితో సమానంగానే ఋణవిముక్తుడు.

ఇక నింద ఎక్కడిది? అదే స్మృతి మూడవ అధ్యాయంలో, శ్రాద్ధానికి పిలువదగని వారి వరుసలో 'భృతకాధ్యాపకుడు' కనిపిస్తాడు. భృతి అంటే కూలి. కూలికి చదువు చెప్పేవాడు, కూలి ఇచ్చి చదువుకున్నవాడు, ఇద్దరూ అపాంక్తేయులే. విద్యావిక్రయ నింద అంతా ఈ ఒక్క మాటను ఆశ్రయించుకొని పెరిగింది. కాని మేధాతిథి వంటి వ్యాఖ్యాతలు దాని పరిధిని జాగ్రత్తగా నిర్ణయించారు. ధనం పుచ్చుకున్న ప్రతివాడూ భృతకుడు కాడు. 'ఇంత ఇస్తేనే ఇంత చెబుతాను' అని ముందుగా పణం నిర్ణయించినవాడే భృతకుడు. అనగా దోషం స్వీకారంలో లేదు, ద్వారబంధనంలో ఉంది. లేకుంటే మనువు దశమాధ్యాయంలో అధ్యాపనాన్ని బ్రాహ్మణుని మూడు జీవనోపాయాలలో ఒకటిగా ఎందుకు చెబుతాడు? వేదంలో ఒక భాగాన్నో, వేదాంగాలనో జీవికకై బోధించేవానికి 'ఉపాధ్యాయుడు' అని గౌరవమైన పేరు ఎందుకు పెడతాడు? ఆచార్యుని కంటే ఉపాధ్యాయుణ్ణి ఒక మెట్టు దిగువన నిలిపాడు, నిజమే; కాని పంక్తి నుంచి లేపివేయలేదు. నేడు మనం బడిలో పాఠం చెప్పే ప్రతివారినీ పిలిచే 'ఉపాధ్యాయుడు' అన్న పదానికి పుట్టుకతోనే జీవిక అనే అర్థం అంటి ఉన్నదని ఎందరికి తెలుసు?

అందరు గురువులూ ఈ క్రమాన్ని పాటించలేదన్నది కూడా చరిత్రే. జాతక కథలలోని తక్షశిలలో ఆచార్యుడు కొత్తగా వచ్చిన రాకుమారుణ్ణి మొదటనే అడుగుతాడు: ఆచార్యభాగం తెచ్చావా, లేక సేవ చేసి చదువుకుంటావా? తెచ్చినవాడు వేయి నాణేల సంచిని అక్కడే పాదాల వద్ద ఉంచుతాడు. తేలేనివాడు పగలు గురువు ఇంటి పనులు చేసి రాత్రి పాఠం వింటాడు. ముందు చెల్లింపు ఉంది. చెల్లించలేనివానికి మరో ద్వారమూ ఉంది. ఈ రెండవ ద్వారం ఉన్నంతవరకు మొదటిదాన్ని విక్రయమనడం కష్టం.

దక్షిణ లెక్క తప్పి విపరీతానికి పోయిన సందర్భం రఘువంశం పంచమసర్గలోని కౌత్సుని కథ. వరతంతు మహర్షి తన శిష్యుని భక్తియే దక్షిణ అన్నాడు. శిష్యుడు ఏదో ఒకటి అడగమని పదే పదే నిర్బంధించాడు. విసిగిన గురువు, నేర్పిన విద్యలు పద్నాలుగు కనుక పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. విద్యకొక కోటి చొప్పున వేసిన ఈ లెక్క కోపంలో పుట్టింది! విశ్వజిద్యాగంలో సర్వస్వం దానం చేసి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చిన రఘువును కౌత్సుడు ఆశ్రయించడం, కుబేరుని స్వర్ణవృష్టి కురియడం భక్తులెరిగినవే. చివరి ఘట్టంలో రఘువు కురిసినదంతా తీసుకొమ్మంటాడు. కౌత్సుడు గురువుకు చెల్లవలసిన దానికి మించి ఒక్క నాణెమూ తాకనంటాడు. ఎంత చెల్లాలో అంతే. ఇంతటి నిక్కచ్చి లెక్క మన కావ్యాలలో అరుదు.

కాళిదాసే మాళవికాగ్నిమిత్రంలో మరో పార్శ్వాన్ని చూపాడు. రాజాస్థానంలో ఇద్దరు నాట్యాచార్యులు స్పర్ధకు దిగుతారు. వీరి పోటీ చూడకుండా ఊరకే జీతాలివ్వడం ఎందుకని విదూషకుడు ఎగతాళి చేస్తాడు. ఆచార్యుడు గణదాసు రోషంతో, కేవలం బ్రతుకుతెరువుకే విద్య గలవాణ్ణి జ్ఞానం అమ్మే వర్తకుడంటారని బదులిస్తాడు. సామాన్యంగా ఉపన్యాసకులు ఈ బదులును మాత్రమే ఉదాహరించి, పలికినవాడు కూడా రాజు జీతం పుచ్చుకునేవాడేనన్న సంగతి విడిచిపెడతారు. 'కేవలం' అన్న మాటలోనే ఆయన ఆత్మగౌరవమంతా ఉంది.

ఆ జీతానికి పేరేమిటి? కౌటిల్యుడు అర్థశాస్త్రం పంచమాధికరణంలో రాజభృత్యుల వేతనాలు చెబుతూ, ఆచార్యులకూ విద్వాంసులకూ యోగ్యతను బట్టి అయిదువందల నుంచి వేయి పణాల వరకు 'పూజావేతనం' ఇవ్వాలన్నాడు. సేనానికీ, లేఖకునికీ, గూఢచారికీ ఇచ్చేది వట్టి వేతనం. ఆచార్యునికి ఇచ్చేది పూజతో కూడిన వేతనం. నిష్ఠురుడని పేరుపడ్డ కౌటిల్యుడు ఈ సమాసాన్ని వాడడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. ధనం ధనమే, కాని ఇచ్చే చేతి భంగిమ వేరు. దీనికి మరో ఫలితం ఉంది. ఇచ్చేది రాజు కనుక గురువు శిష్యుని తండ్రిని అడగవలసిన అవసరం రాదు.

తెలుగునేలపై ఈ వ్యవస్థ పరిపక్వరూపం 1261 నాటి మల్కాపుర శాసనంలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు, రుద్రమదేవి తమ గురువైన విశ్వేశ్వర శివాచార్యునికి సమర్పించిన మందడం, వెలగపూడి గ్రామాల రాబడితో గోళకీమఠం నడిచింది. వెలగపూడి అంటే నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న ఊరే. అక్కడ దేవాలయం, విద్యార్థులకు మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పడ్డాయి. వేదాలు చెప్పేవారు ముగ్గురు, శబ్ద, తర్క, సాహిత్య, ఆగమాలు చెప్పేవారు అయిదుగురు, ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు. ఈ కాయస్థుడు లెక్కలు రాసే మనిషి. ఎనిమిది మంది అధ్యాపకులకు ఒక లేఖకుణ్ణి నియమించిన విశ్వేశ్వర శివుని వ్యవహారజ్ఞానానికి నమస్కరించాలి. అధ్యాపకుడు చెప్పవలసింది తర్కం. ఎవరికెంత ముట్టిందో చూడవలసింది మరొకరు. బోధించే నోటిని అడిగే నోటి నుంచి వేరుచేసిన ఏర్పాటు ఇది. రాంబిల్లి మండలంలోనే ఉన్న పంచదార్ల ధర్మలింగేశ్వరాలయంలో పదిహేనవ శతాబ్దపు యలమంచిలి చాళుక్యుల శాసనాలు చూసినవారికి, ఈ తీరం కూడా అటువంటి దాతృసంస్కృతిలో భాగమేనని వేరుగా చెప్పనవసరం లేదు.

అయితే దీన్ని స్వర్ణయుగంగా చిత్రించి ఆగిపోవడం సత్యానికి ద్రోహం. దక్షిణ అడగని గురుకులం అధికారాన్ని అడిగింది. పుట్టుకను చూసి లోపలికి రానిచ్చింది. వేటకు పోయే ఇంటి పిల్లవాడికి ఆ మఠంలో వేదతర్కాలు ఎవరూ చెప్పలేదు. ధనమే కొలమానమైన నెలఫీజుకు ఒక క్రూరత్వముంది. కాని పుట్టుకను అడగని గుణం కూడా దానికే ఉంది. నేటి రాంబిల్లి ట్యూషన్ చాప మీద మత్స్యకారుని కూతురూ, కరణాల మనుమడూ ఒకే వరుసలో కూర్చున్నారంటే అందులో ఆ 'భృతి'కి కొంత పాలుంది. స్మృతికారుడు నిందించిన దాని వలన స్మృతికారుడు ఊహించని మేలు జరిగింది.

మాన్యాలు, సంస్థానాల ఆదరణ క్షీణించాక ఏమైందో చెప్పే పత్రాలు మనకున్నాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాకలెక్టర్లందరినీ దేశీయ పాఠశాలల వివరాలు అడిగాడు. విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్లిన లెక్క: 914 బడులు, 9,715 మంది పిల్లలు. బడికి సగటున పదిమందికి కాస్త ఎక్కువ. రాంబిల్లి ప్రాంతపు అరుగుబడులన్నీ ఆ సంఖ్యలో కలిసే ఉన్నాయి. గుంటూరు కలెక్టరు ఒక ముఖ్యమైన భేదం నమోదు చేశాడు. వేదాంతం, ధర్మశాస్త్రం, జ్యోతిషం వంటివి బ్రాహ్మణులు తమ ఇళ్లలో ఏ ఫీజూ లేకుండా చెబుతున్నారు. పూర్వపు జమీందారులు, ప్రభువులు వారి పెద్దలకిచ్చిన మాన్యాలే వారికి ఆధారం. అక్షరాలూ లెక్కలూ చెప్పే వీధిబడి పంతులు మాత్రం పిల్లల తల్లిదండ్రులిచ్చే దానితోనే బ్రతకాలి. మాన్యమున్నవాడు అడగలేదు, మాన్యం లేనివాడు అడిగాడు. స్వభావభేదం కాదది, భూమి భేదం.

బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక మరింత స్పష్టం. ఆ జిల్లాలోని 533 బడులలో ఒక్కదానికీ ప్రభుత్వ సాయం అందడం లేదని, చెప్పడానికి సిగ్గుపడుతున్నానని ఆయన రాశాడు. నేతపని దెబ్బతిని, సంపద దేశం దాటిపోయి, మధ్యతరగతి కుటుంబాలే పిల్లల చదువుకు ఖర్చుపెట్టలేకున్నాయన్నాడు. 1826 మార్చి 10 నాటి మినిట్‌లో మన్రో రాష్ట్రమంతటి లెక్క తేల్చాడు: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు, పంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించని రాబడి. ఈ అంకెలను భాగించి చూస్తే బడికి పదిహేను మంది పిల్లలు, పిల్లవాడి తలకు నెలకు సుమారు ఏడణాలు. ఇంత తక్కువకు సమర్థులు ఈ వృత్తిలోకి రారని మన్రో అభిప్రాయం. అందుకే తహసీలు బడి పంతులుకు నెలకు తొమ్మిది రూపాయలు, కలెక్టరేటు బడి పంతులుకు పదిహేను రూపాయలు సర్కారు నుంచి ఇవ్వాలని ప్రతిపాదించాడు. తొమ్మిది చాలవు కదా అంటే, పిల్లల నుంచి మరో అంత వస్తుందని, స్కాట్లాండు గ్రామపంతులు కంటే అతని స్థితి మేలుగా ఉంటుందని సమాధానపడ్డాడు. తాను స్కాట్లాండువాడు కనుక ఆ పోలిక తోచినట్టుంది. 1827లో పత్తికొండలో కలరాతో మన్రో మరణించాడు. ఆ బడులూ చిరకాలం నిలవలేదు. ఆరేడు రూపాయలను అరుగు మీద ఒక్కొక్క తండ్రి నుంచీ వసూలు చేసుకునే భారం మళ్లీ పంతులు నెత్తినే పడింది.

ఈ భారానికి గ్రామసమాజంలో ఒక ఉపాయం ఉండేది. మన పెద్దలు చెప్పే దసరా మామూలు అదే. శరన్నవరాత్రులలో పిల్లలు రంగుకాగితాల విల్లంబులు పట్టి, పద్యాలు పాడుతూ, పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగేవారు. గురువుకు పైకం, వస్త్రం, పిల్లలకు పప్పుబెల్లాలు. దీనిలోని సౌకుమార్యం ఎంతటిదో చూడండి. ఏడాది పొడుగునా బాకీపడ్డ ఇంటి ముందు గురువు నోరు తెరవలేదు. ఆయన పక్షాన పిల్లలు పాడారు. అడగడం ఉత్సవమైంది, ఇవ్వడం అమ్మవారి పూజలో అంగమైంది. పంట చేతికి వచ్చే కాలానికి దగ్గరగా ఏటా ఒక్కసారి. కొందరు సంస్కర్తలు దీన్ని భిక్షాటనగా భావించి చిన్నబుచ్చారు. నాకు మాత్రం ఇందులో కౌటిల్యుని పూజావేతనమే ఊరి మనిషి చేతిలో పునర్జన్మ ఎత్తినట్టు తోస్తుంది.

ఆ తరువాత 1860ల నుంచి మద్రాసు ప్రభుత్వం ఫలితాన్ని బట్టి గ్రాంటు అనే పద్ధతి తెచ్చింది. పరీక్షాధికారి వచ్చి ఎందరు పిల్లలు గట్టెక్కారో లెక్కించి పంతులుకు పైకం కట్టేవాడు. గురువు ఆదాయం శిష్యుని మార్కులకు ముడిపడింది ఇక్కడే. కార్పొరేట్ కోచింగ్ ప్రకటనలలో ర్యాంకుల ఫొటోలు చూసి ఇది కలియుగవైపరీత్యం అని నిట్టూర్చేవారు, ఆ విత్తనం వయస్సు ఒకటిన్నర శతాబ్దమని గ్రహించాలి.

ఇంగ్లీషు చదువుతో పాటు ఇంటి ట్యూటరు కూడా వచ్చాడు. పూర్వపు సర్వసిద్ధి తాలూకాలో, రాంబిల్లికి చేరువలోని ఎస్. రాయవరంలో 1862లో జన్మించిన గురజాడ అప్పారావు, 1884లో విజయనగరంలో పాతిక రూపాయల జీతంపై ఉపాధ్యాయుడిగా చేరాడు. ఆయన కన్యాశుల్కంలో గిరీశం ఎవరు? సెలవులలో వెంకటేశానికి చదువు చెబుతానన్న నెపంతో కృష్ణరాయపురం అగ్రహారంలో మకాం వేసిన ట్యూటరే. ఊరంతా అప్పులు చేసి తప్పించుకున్న మనిషి జీతం మాట ఎత్తకుండా గురుపీఠం ఎక్కాడు. జీతం అడగనివాడల్లా నిస్స్వార్థుడని మురిసిపోయే మనవంటి భక్తులకు పక్క ఊరివాడు పెట్టిన చురక ఇది.

ఇక వర్తమానం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ విభాగం బడిలో పనిచేసే ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషన్ చెప్పరాదంటుంది. కనుక రాంబిల్లిలో చాప పరిచేది ఎక్కువగా ఉద్యోగం లేని పట్టభద్రులు, గృహిణులు. రాజు లేడు, మాన్యం లేదు, కాయస్థుడు లేడు, దసరా విల్లంబులు లేవు. నలుగురు చేసిన పనిని ఒక్కరే చేస్తూ, అదే నోటితో పైథాగరస్ సిద్ధాంతం చెప్పి, అదే నోటితో 'నాన్నగారిని ఫోన్‌పే చేయమను' అనాలి. ఆ మాట పదిమంది ముందు విన్న పిల్లవాడు మరునాడు రాకపోవచ్చు. బాకీ మూడు వందలు, ఆగిపోయింది చదువు.

శాస్త్రం నిందించిన ద్వారబంధనం ఇదే. దీన్ని నివారించడానికి గురువు నిర్ధనుడై ఉండనక్కరలేదు. ఎనిమిది శతాబ్దాల క్రితపు కాయస్థుణ్ణి ఏదో రూపంలో తిరిగి పిలవాలి. లెక్క పుస్తకం ఇంట్లో మరొకరి చేతిలో ఉండవచ్చు. తల్లులలో ఒకరు ఆ పని స్వీకరించవచ్చు. ఎంత, ఎప్పుడు అన్నది చేరిన రోజునే తల్లిదండ్రులతో కాగితం మీద రాసుకొని, ఆ మాట పిల్లల చెవిన పడకుండా చూడవచ్చు. ముందుగా ఎంతో చెప్పడం భృతకత్వం కాదా అని ఎవరైనా అడగవచ్చు. ఇవ్వలేనివానికి తక్షశిలలోని రెండవ ద్వారం తెరిచి ఉంచినంతవరకు కాదనే నా నిశ్చయం. పెద్ద తరగతి పిల్లవాడు చిన్నవారికి ఎక్కాలు చెప్పి తన ఫీజు తీర్చుకోవడం క్యాంప్‌బెల్ చూసిన బడులలోని పద్ధతికి దూరం కాదు. పైబడిన పిల్లలు కిందివారికి బోధించే ఆ తీరును ఆయన ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

కాలం విషయంలో మాత్రం సముద్రాన్ని అనుసరించడమే ఉచితం. బడులు జూన్ రెండవ వారంలో తెరుస్తారు. పడవలు జూన్ 15న కడలి మీదికి వెళతాయి. మొదటి వేట అమ్ముడుపోయాక తండ్రి చేతికి పైకం వస్తుంది. వేట ఇంటి పిల్లల పేర్ల ఎదుట ఏప్రిల్, మే గళ్లను ఖాళీగా వదిలి, ఆ మొత్తాన్ని మిగిలిన పది నెలలకు పంచి రాసుకున్న నోటుపుస్తకంలో గురువుకు రూపాయి తగ్గదు, ఆ ఇంటికి అవమానమూ ఉండదు.